కలంకారీ కిట్: కలం మంచిదే, పుస్తకానికే తొందరెక్కువ

పెట్టె మీద పెద్దక్షరాలతో 'వారాంతంలో కలంకారీ' అని ఉంది. శనివారం పొద్దున మొదలుపెడితే ఆదివారం సాయంత్రానికి జాకెట్టు ముక్క చేతికొస్తుందని లోపలి పుస్తకం మాటిస్తుంది. రాదు. ఎండ సరిగ్గా కాస్తే పది రోజులు, ముసురు పడితే మూడు వారాలు. ఈ ఒక్క అబద్ధాన్ని క్షమించగలిగితే పెట్టెలోని సరుకులో సగానికి పైగా పనికొచ్చేదే.

ధర రూ.1,650. లోపల మీటరు గాడా నూలు గుడ్డ, 50 గ్రాముల కరక్కాయ పొడి, 100 మి.లీ. కసిమి (నల్లగీతకు వాడే ఇనుప ద్రావణం) సీసా, 50 గ్రాముల పటిక, 20 గ్రాముల మంజిష్ఠ (ఎరుపునిచ్చే వేరు) పొడి, 25 గ్రాముల దానిమ్మ తొక్కల పొడి, చిన్న డబ్బాలో నీలం, రెండు వెదురు కలాలు, నాలుగు చింతబొగ్గు పుల్లలు, ఒక కార్బన్ కాగితం, రెండు బొమ్మల కాగితాలు, 'తెలుపు కోసం' అని రాసిన ఒక పొట్లం, 16 పేజీల పుస్తకం. ఇంచుమించు ఇదే సరుకుతో మూడు నాలుగు పేర్ల మీద కిట్లు అమ్ముతున్నారు కాబట్టి ఇక్కడ పేరుతో పని లేదు. ఏది కొన్నా లోపల ఏముందో, ఎంతుందో చూసుకోవడమే ముఖ్యం.

అట్ట మీద బొమ్మ చూస్తే నవ్వొస్తుంది. చెక్క అచ్చులతో అద్దుతున్న చేతుల ఫొటో వేశారు. అది మచిలీపట్నం, పెడన వైపు అద్దకం. లోపల ఉన్నది శ్రీకాళహస్తి పని, కలంతో గీసేది. అక్కడ దాన్ని వ్రాతపని అంటారు. రంగులు, కరక్కాయ, పటిక రెండింటికీ చాలావరకు ఒకటే గానీ చెయ్యి పూర్తిగా వేరు. అచ్చు కొట్టేవాళ్లకు రంగులో బంక కలపాలి, కలం పట్టేవాళ్లకు అది అడ్డం. 1950ల్లో, చేతిపనుల కోసం పాటుపడ్డ కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టి మరీ నిలబెట్టుకున్న పని ఇది. అట్ట మీద దాని ఫొటో ఒకటి వేసి ఉంటే బాగుండేది.

గుడ్డ నుంచి మొదలుపెడదాం

గుడ్డ మంచిది. కోరా రంగు, మోస్తరు మందం, దగ్గర నేత. ఇంత మంచి గుడ్డ ఇచ్చి పుస్తకంలో 'ఒకసారి జాడించి ఆరేయండి' అని రాశారు. కోరా గుడ్డలో గంజి ఉంటుంది, పత్తికి పుట్టుకతో ఉండే మైనం ఉంటుంది. అవి పోకపోతే కరక్కాయ నీళ్లు ఒకచోట పీల్చి ఒకచోట పీల్చవు. గీత గీస్తే మధ్యలో తెగుతుంది. రాత్రంతా నానబెట్టి, పొద్దున బండ మీద ఉతికి, లీటరు నీటికి 5 గ్రాముల చాకలి సోడా వేసి అరగంట ఉడకబెట్టాలి. తర్వాత సోడా జిడ్డు చేతికి తగలనంతవరకూ జాడించాలి. గుడ్డలో సోడా మిగిలితే కరక్కాయ లేత పసుపు కాస్తా మట్టిరంగుకు తిరుగుతుంది. పని అయిందో లేదో చూడాలంటే ఆరిన గుడ్డ మీద ఒక నీటిబొట్టు వేయండి. ముత్యంలా నిలబడితే మళ్లీ ఉడకబెట్టాలి, తాకగానే ఇంకితే సరి.

ఉతికాక ఈ మీటరు గుడ్డ 96 సెంటీమీటర్లు తేలింది. జాకెట్టు కొలతలు ఈ దశ దాటాకే గీసుకోవాలి.

కరక్కాయ పొడి రకం ఫరవాలేదు. గింజ తీసి, పై కండ మాత్రమే కొట్టిన పొడి మెత్తగా, పసుపు బూడిద కలిసిన చాయలో ఉంటుంది. గింజతో సహా మరపట్టిస్తే వేళ్ల మధ్య గరుకు తగులుతుంది, పులుపు వగరు కూడా తక్కువ. ఇందులో గరుకు కొద్దిగా ఉంది, పలచటి గుడ్డలో వడగడితే పోతుంది. 150 గ్రాముల గుడ్డకు 30 గ్రాముల పొడి చాలు. మిగిలిన 20 గ్రాములు దాచుకోండి, గీత పలచబడితే పనికొస్తుంది.

పాల సంగతి పుస్తకంలో ఒక్క వాక్యం: 'పాలు కలపండి'. ఏ పాలు, ఎన్ని పాలు? పాలలో పని చేసేది వెన్న. అది నూలు పోగుల మీద పలచటి పొరలా పరుచుకుని కసిమి పక్కకు పాకకుండా ఆపుతుంది. అందుకే శ్రీకాళహస్తిలో గేదెపాలు, అదీ పచ్చివి. పట్నంలో అవి దొరక్కపోతే ప్యాకెట్లలో ఫుల్ క్రీమ్ తీసుకోవాలి, దానిలో 6 శాతం వెన్న ఉంటుంది. టోన్డ్ పాలలో 3 శాతమే, గీతకు రెండు పక్కలా వెంట్రుకల్లాంటి చారలు వస్తాయి. అమెరికాలో ఈ కిట్ తెప్పించుకున్నవాళ్లకు అక్కడి హోల్ మిల్క్ కూడా 3.25 శాతం దగ్గరే ఆగుతుంది. దానికి సమంగా హాఫ్ అండ్ హాఫ్ (పాలు, మీగడ కలిపి అక్కడ అమ్మేది) కలిపితే గేదెపాలకు దగ్గరగా వస్తుంది. కొలత: 750 మి.లీ. నీళ్లలో కరక్కాయ పొడి గంటసేపు నానబెట్టి వడగట్టి, 250 మి.లీ. పాలు కలిపి, గుడ్డ ముంచి 15 నిమిషాలు చేత్తో పిసకాలి.

పిండేటప్పుడే చాలామంది పాడుచేసుకుంటారు. ఒక కొసన గట్టిగా, ఇంకో కొసన వదులుగా పిండితే ఆరాక పటం గీసినట్టు మరకలు తేలతాయి. ఇద్దరు చెరో అంచు పట్టుకుని ఒకే వైపు మెలిపెట్టి పిండాలి. తర్వాత మడత లేకుండా నేల మీద పరిచి ఆరబెట్టాలి. దండెం మీద వేస్తే ఆ గీత దగ్గర రంగు పేరుకుంటుంది. వానాకాలంలో ఈ పని మొదలుపెట్టకండి. తడి పాలగుడ్డ ఒక్క రాత్రి మూలన పడితే ముక్కిపోతుంది, బొద్దింకలు కూడా చేరతాయి.

ఇంకో మాట, బోరు నీళ్ల గురించి. నీళ్లలో ఇనుము ఉంటే కరక్కాయ వేసిన వెంటనే గుడ్డ బూడిదరంగుకు తిరుగుతుంది. ముందే తెలుసుకోవడానికి గ్లాసు నీళ్లలో చిటికెడు కరక్కాయ పొడి వేసి పావుగంట ఉంచండి. నీళ్లు పసుపుగా ఉంటే మంచిది, నీలం నలుపు కలిసిన మసి రంగు తేలితే ఆ నీళ్లు వద్దు. ఇనుప బకెట్టు, ఇనుప మూకుడు కూడా దగ్గరికి రానీయకండి. స్టీలు, ప్లాస్టిక్, మట్టి ఏదైనా సరే.

కలం, కసిమి

కిట్‌కు ఇచ్చిన ప్రతి రూపాయికీ న్యాయం చేసింది ఈ కలాల వెదురు. ఒకటి సన్నగా సూదిలా చెక్కింది, గీతకు. రెండోది మొద్దు మొన, రంగు నింపడానికి. కణుపు లేని ముక్క, చెక్కినచోట పీచు లేవలేదు, పట్టు 15 సెంటీమీటర్లు. చెయ్యి తిరిగినవాళ్లెవరో చెక్కినట్టు తెలుస్తోంది.

తప్పు చుట్టిన దారంలో ఉంది. మొనకు పైన చుట్టిన ఆ దారపు ఉండే కలానికి సిరాబుడ్డి. అది రంగును పీల్చి పట్టుకుని, వేలితో కొద్దిగా నొక్కితే కొద్దిగా వదలాలి. ఇందులో చుట్టింది యాక్రిలిక్. ఒక పోగు తీసి మంటకు చూపిస్తే కరిగి గట్టి పూసలా ముద్దకట్టింది. అసలు ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది. యాక్రిలిక్ నీళ్లు పట్టుకోదు, ముంచగానే బొటబొటా కారుస్తుంది. మొదటి బొట్టు గుడ్డ మీద పడింది పడినట్టే, ఇక అది పోదు. కాబట్టి ముందే ఆ చుట్టు విప్పేయండి. మొనకు రెండున్నర సెంటీమీటర్ల పైన, పాత నూలుచీర పీలికను గానీ రంగు వేయని ఉన్నిని గానీ గోలీకాయ అంత లావు చుట్టి, పైన నూలుదారంతో బిగించాలి. మొన వైపు బిగువుగా, పై వైపు కాస్త వదులుగా. బిగువు తక్కువైతే కారుతుంది, ఎక్కువైతే రెండు అంగుళాల గీతకే ఆరిపోతుంది. పాత గుడ్డ మీద నాలుగు గీతలు గీస్తే ఎక్కడ సర్దాలో వేలికే తెలిసిపోతుంది.

బొమ్మ దించుకోవడానికి ఇచ్చిన కార్బన్ కాగితం పారేయండి. దానిలో మైనం ఉంటుంది, ఆ గీత మీద కసిమి నిలవదు, ఉతికినా పోదు. చింతబొగ్గు పుల్లలు మాత్రం బాగున్నాయి, మెత్తగా గీస్తాయి, కొంగుతో దులిపితే పోతాయి. సొంతంగా బొమ్మ వేయడం రానివాళ్లు కాగితం మీద గీతల వెంట గుండుసూదితో చిల్లులు పొడిచి, గుడ్డ మీద పరిచి, బొగ్గుపొడి మూట కట్టి మెల్లగా అద్దితే చుక్కలు పడతాయి. ఆ చుక్కలు కలుపుకుంటూ పోవడమే.

ఇక కసిమి. బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము వేసి పులియబెడితే వచ్చే ద్రావణం ఇది. సీసాలో పలచటి టీ డికాషన్ లాగా ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్లకు ఇది నలుపేనా అన్న అనుమానం వస్తుంది. కలం గుడ్డకు తాకినప్పుడు గీత తుప్పు చాయలోనే పడుతుంది. కలం ఇంకా ముందుకు పోతుండగానే వెనక గీత మసకబారి, బూడిదై, ఊదాకు తిరిగి, లెక్కపెట్టేలోపు నల్లబడుతుంది. రంగు సీసాలో లేదు, గుడ్డలో ఉన్న కరక్కాయ వగరూ సీసాలోని ఇనుమూ కలిసినచోట పుడుతుంది. ఆ ఒక్క క్షణం కోసం ఈ కిట్ కొన్నా డబ్బు దండగ కాదు. పిల్లల చేత గీయిస్తే ఆ మొదటి గీత దగ్గర ఇల్లంతా గోల.

ఇచ్చిన కసిమి కాస్త ఘాటు. గీత నల్లబడ్డాక చుట్టూ ఇటుకరంగు అంచు కనబడితే ఇనుము ఎక్కువైందని అర్థం. వగరుతో కలవని ఇనుము అక్కడే తుప్పుగా మిగులుతుంది, పోనుపోను ఆ చోట గుడ్డను తినేస్తుంది. మ్యూజియాల్లో పాత కలంకారీ గుడ్డల్లో నల్లగీత ఉన్నచోటే చిల్లులు పడి ఉండటానికి కారణం అదే. రెండు వంతుల కసిమికి ఒక వంతు నీళ్లు కలిపాక అంచు మాయమైంది, నలుపు తగ్గలేదు. పొరపాటున బొట్టు పడితే ఆరనివ్వకుండా నిమ్మరసం అద్ది, వెంటనే నీళ్లతో కడగాలి. పాతబడితే మరక చాయ మిగులుతుంది. నిమ్మరసం అద్దినచోట మళ్లీ కరక్కాయ పాలు రాయకపోతే అక్కడ కొత్త గీత పట్టదు.

సీసా అయిపోతే కొనక్కర్లేదు. లీటరు నీళ్లకు 100 గ్రాముల బెల్లం, పావుకిలో తుప్పు మేకులు మట్టికుండలో వేసి, మూతికి గుడ్డ కట్టి రెండు మూడు వారాలు ఉంచితే తయారు. మొదటి వారం నురగ, తర్వాత పుల్లటి వాసన. వడగట్టి వాడుకోవడమే. మూత బిగించిన సీసాలో మాత్రం పులియబెట్టకండి, పేలుతుంది.

పటిక, ఆపైన పారే నీళ్లు

ఎరుపు రావలసినచోట పటిక నీళ్లు రాయాలి. పటిక లేనిచోట మంజిష్ఠ నిలవదు. పుస్తకంలో చెప్పిన కొలత, అర లీటరు గోరువెచ్చటి నీళ్లకు 50 గ్రాములు, సరైనదే. కానీ పటిక నీళ్లకు రంగు లేదు. ఎక్కడ రాశామో, ఎక్కడ వదిలేశామో ఆరాక కనబడదు, కుండలో ఉడికాక పువ్వులో సగం రేకులు తెల్లగా తేలతాయి. పనివాళ్లు అందుకే పటికలో చిటికెడు మంజిష్ఠ కలుపుతారు, లేత గులాబీ జాడ కనబడుతుంది. పుస్తకంలో ఈ మాట లేదు. రెండు పూతలు వేయాలి, మొదటిది పూర్తిగా ఆరాక రెండోది. మొద్దు కలంతో గీత లోపలే ఆగాలి. నల్లగీత దాటితే ఎరుపూ దాటుతుంది.

పూత వేశాక ఒకటి రెండు రోజులు గుడ్డను ముట్టుకోకూడదు. ఆ వ్యవధిలోనే పటిక నూలుకు అతుక్కుంటుంది. పుస్తకం ప్రకారం రెండు గంటలు చాలట. రెండు గంటలకే ఉతికిన ముక్కలో ఎరుపు వెలిసిన చీరలా వచ్చింది, రెండు రోజులు ఆగిన ముక్కలో కుంకుమ చాయ. ఒకే గుడ్డ, ఒకే కుండ.

ఇక్కడే పుస్తకం చేసిన అసలు పొరపాటు. 'బకెట్టులో పది నిమిషాలు నానబెట్టండి' అని రాశారు. ఇంతకంటే చెడ్డ సలహా ఈ పనిలో ఇంకోటి లేదు. కారణం చూడండి. గుడ్డ అంతటా కరక్కాయ ఉంది. గీతల్లో అతుక్కోని ఇనుము, పువ్వుల్లో అతుక్కోని పటిక బకెట్టు నీళ్లలోకి దిగుతాయి. నిలవ నీళ్లలో అవి తిరిగి గుడ్డ మీదికే వస్తాయి. ఇనుము తగిలిన ప్రతిచోటా బూడిదరంగు, పటిక తగిలిన ప్రతిచోటా తర్వాత కుండలో గులాబీ మరక. బకెట్టులో నానబెట్టిన ముక్కలో అచ్చం ఇదే జరిగింది, నేల, అంటే గుడ్డలో బొమ్మ లేని ఖాళీ భాగం, మొత్తం మబ్బు పట్టినట్టయింది.

శ్రీకాళహస్తిలో ఈ పనికి స్వర్ణముఖి కావలసివచ్చింది అందుకే. పారే నీళ్లు విడిపోయినదాన్ని విడిపోయినట్టే కిందికి తీసుకుపోతాయి. ఇంట్లో ఏరు లేదు కాబట్టి గుడ్డను రెండు క్లిప్పులతో నిలువుగా వేలాడదీసి, పైనుంచి గొట్టంతో నీళ్లు పోయాలి. ఐదు నిమిషాలు ధార ఆపకూడదు. ఎరుపు రావలసిన భాగాలు గుడ్డ కింది అంచు వైపు ఉండేలా వేలాడదీస్తే పటిక ఖాళీ నేల మీదుగా పారదు. మడత పెట్టకూడదు, పిండకూడదు, రెండు పొరలు ఒకదానికొకటి తగలకూడదు. ఆ నీళ్లు మొక్కలకు పోయకండి.

ఎరుపు

20 గ్రాముల మంజిష్ఠతో మీటరు గుడ్డకు ఎరుపు రాదు, లేత కాషాయం వస్తుంది. గుడ్డ బరువులో కనీసం సగం, అంటే 75 గ్రాములు కావాలి. ముదురు ఎరుపు కావాలంటే గుడ్డ ఎంత బరువో పొడి అంత. కిట్‌లో పిసినారితనం చేసినచోటు ఇదొక్కటే, అదీ ఖరీదైన సరుకు దగ్గర. మూలికల అంగట్లో వేర్లు కొని కొట్టించుకోవడం నయం. పాతకాలం ఎరుపు చిరివేరుది. ఇప్పుడు మార్కెట్లో కనబడే చాలా కలంకారీ ఎరుపు అలిజరిన్ పొడిదే. అది మోసమేమీ కాదు, చిరివేరులో రంగునిచ్చేదీ ముఖ్యంగా అదే పదార్థం. కాకపోతే వేరులో ఇంకో నాలుగు చాయలు కలిసి ఉంటాయి.

పొడిని పలచటి గుడ్డలో మూటకట్టి కుండలో వేయాలి, నేరుగా చల్లితే ఎర్ర చుక్కలు పడతాయి. చల్లటి నీళ్లలో గుడ్డ వేసి, ముప్పావుగంటలో మెల్లగా వేడెక్కించి, చెయ్యి పెట్టలేనంత వేడి దగ్గర, అంటే 60 నుంచి 70 డిగ్రీల మధ్య, గంటసేపు ఉంచాలి. 'బాగా మరిగించండి' అన్న పుస్తకం మాట వింటే మంజిష్ఠలోని గోధుమరంగు పైకి తేలి ఎరుపు ఇటుకరాయి అవుతుంది. కర్రతో కలుపుతూ ఉండాలి, గుడ్డ నీళ్ల పైకి తేలినచోట చాయ తేడా వస్తుంది. మరీ మెత్తటి నీళ్లలో, ఆర్వో నీళ్లలో ఎరుపు చప్పగా వస్తుంది. కాస్త సున్నపు నీళ్లే దీనికి నచ్చుతాయి. ఇనుము వద్దు గానీ సున్నం కావాలి, అదీ దీని తిక్క.

కుండలోంచి తీసినప్పుడు కంగారు పడకండి. నేల అంతా మురికి గులాబీగా ఉంటుంది. కరక్కాయ కూడా కొంత రంగు పీలుస్తుంది మరి. ఇక్కడ పుస్తకం 'తెలుపు కోసం' పొట్లం విప్పమంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, బ్లీచింగ్ పౌడర్. దాన్ని వాడితే నేల తెల్లబడుతుంది, దాంతోపాటే పువ్వులూ పోతాయి. చిన్న ముక్క మీద వేసి చూస్తే కుంకుమరంగు పది నిమిషాల్లో పాలిపోయింది, నల్లగీత గోధుమరంగుకు దిగింది. ఆ పొట్లం బాత్‌రూమ్ కడగడానికి ఉంచుకోండి.

చేయవలసింది పేడనీళ్లు. బకెట్టు నీళ్లలో రెండు గుప్పెళ్ల పేడ కలిపి, గుడ్డ రాత్రంతా ముంచి, పొద్దున బాగా కడిగి, గడ్డి మీద పరిచి, ఆరకుండా నీళ్లు చిలకరిస్తూ ఎండలో ఉంచాలి. అలా రెండు మూడు రోజులు. తడి, ఎండ కలిసి అతుక్కోని రంగును మెల్లగా తినేస్తాయి. పటిక పట్టుకున్న ఎరుపు, ఇనుము పట్టుకున్న నలుపు చెక్కుచెదరవు. మూడో రోజు సాయంత్రానికి నేల మీగడ రంగుకొచ్చి, దాని మీద ఎరుపు ఎగసినట్టు కనబడుతుంది. అపార్టుమెంట్లలో పేడ కుదరకపోతే గుప్పెడు గోధుమ పొట్టు గుడ్డలో మూటకట్టి ఐదు లీటర్ల నీళ్లలో కాచి, గోరువెచ్చగా ఉండగా గుడ్డను పావుగంట ఆడించి, తర్వాత బాల్కనీ ఎండలో తడుపుతూ ఉంచవచ్చు. ఆలస్యం అవుతుంది గానీ పనవుతుంది.

పసుపు గురించి చెప్పేదేం లేదు, బాగుంది. గుడ్డను మళ్లీ పలచటి పాలలో ముంచి ఆరబెట్టి, దానిమ్మ పొడి 25 గ్రాములు పావు లీటరు నీళ్లలో సగానికి మరిగించి, చెంచాలో పావు వంతు పటిక వేసి, చల్లారాక రాయాలి.

నీలం మాత్రం మోసం. నీలిమందు నీళ్లలో కరగదు. దాన్ని పులియబెట్టి గాలి తగలని తొట్టిలో పచ్చరంగుకు తెస్తేనే నూలులోకి దిగుతుంది, గాలి తగలగానే నీలమవుతుంది. డబ్బాలో ఇచ్చింది బంకలో కలిపిన రంగుముద్ద. గుడ్డ మీద కూర్చుంటుంది, లోపలికి పోదు. ఆరాక తెల్లగుడ్డతో రుద్దితే నీలం వచ్చేసింది. ఇంతా చేసి వాళ్లిచ్చిన రెండు బొమ్మలూ ఏవనుకున్నారు? వేణుగోపాలుడు, నెమలి. కలంకారీలో రాముడికీ కృష్ణుడికీ ఒళ్లు నీలం, ఆడవాళ్లకు పసుపు, రాక్షసులకు ఎరుపు. పెట్టెలో అన్నిటికన్నా బలహీనమైన రంగునే బొమ్మ మొత్తానికి వాడమన్నారన్నమాట. మొదటి గుడ్డకు ఆ రెండూ పక్కన పెట్టి తీగ, తామర, గోరింట పువ్వు వేసుకోండి. నలుపు, ఎరుపు, పసుపు మూడింటితో నిండుగా ఉంటుంది.

జాకెట్టు కుట్టించేవాళ్లకు

మీటరు ముక్క కాబట్టి ఎక్కువమంది కుట్టించుకునేది జాకెట్టే. బొమ్మ గీయకముందే, ఉతికిన గుడ్డ మీద మీ కొలత జాకెట్టు పరిచి చింతబొగ్గుతో వీపు, ముందు భాగాలు, చేతులు గీసుకోండి. చుట్టూ కుట్టుకు రెండు సెంటీమీటర్లు వదలండి. బొమ్మ అందులోకి పోతే తామర సగమే కనబడుతుంది. వీపు మీద పెద్ద బొమ్మ వేసేవాళ్లు మెడ లోతు ముందే తేల్చుకోవాలి. హుక్కులు వెనక పెట్టించుకుంటే బొమ్మ నడిమికి చీలుతుంది, కాబట్టి ముందు హుక్కులే మేలు. చేతుల మీద చిలకలు వేస్తే రెండో చేతికి అద్దంలో చూసినట్టు తిప్పి వేయాలి. లేకపోతే ఒక చిలక ముందుకు, ఒకటి వెనక్కు చూస్తుంది. కాగితాన్ని బోర్లా తిప్పి అద్దితే చాలు, చిల్లుల పద్ధతిలో ఇదో సుఖం.

దర్జీకి ఇచ్చేటప్పుడు రెండు మాటలు చెప్పాలి. నీళ్లు చిలకరించి ఇస్త్రీ చేయొద్దని, తెల్ల లైనింగ్ బదులు మీగడ రంగు వేయమని. మొదటి మూడు ఉతుకులు చన్నీళ్లలో విడిగా, కుంకుడు రసంతో. డిటర్జెంట్ పౌడరులో సోడా ఉంటుంది, నేల మట్టిరంగుకు తిరిగేది దాని వల్లే. చెమట పట్టిన జాకెట్టును ముద్దగా చుట్టి పడేయకుండా వెంటనే జాడించడం మంచిది.

ఎవరికి పనికొస్తుంది

పదేళ్లు దాటిన పిల్లలున్న ఇంటికి, బొమ్మలేయడం కొంత వచ్చినవాళ్లకు, సెలవుల్లో చేయడానికి బాగుంటుంది. పటిక, కరక్కాయ ప్రమాదమేమీ కావు, కసిమి మాత్రం చేతికీ నేలకూ మరక చేస్తుంది. చలవరాతి గచ్చు మీద అసలు వద్దు, ఆ మరక రాయిలోకి దిగుతుంది. బ్లీచింగ్ పొట్లం పిల్లల చేతికి ఇవ్వకూడదు.

డబ్బు లెక్కకు వస్తే, కరక్కాయ, పటిక పచారీ కొట్లో చవగ్గా దొరికేవే, దానిమ్మ తొక్కలు ఇంట్లోవే. మీరు నిజంగా డబ్బు పెడుతున్నది గుడ్డకు, కలాలకు, పులిసి సిద్ధంగా ఉన్న కసిమికి. ఆ మూడు వారాలు ఆగగలిగినవాళ్లు విడిగా కొనుక్కుంటే నయం. ఆగలేనివాళ్లకు, విదేశాల్లో ఉండి కరక్కాయ కోసం ఊరంతా తిరగలేనివాళ్లకు రూ.1,650 మరీ ఎక్కువేమీ కాదు. గుడ్డకు, వెదురుకు ఐదుకు నాలుగున్నర ఇవ్వొచ్చు. పుస్తకానికి ఒకటి, అదీ పటిక కొలత సరిగ్గా రాసినందుకు. నీలానికి సున్నా.

ఇదే కంపెనీ విడి కలాలు జత రూ.180కి అమ్ముతోంది. రెండో గుడ్డకు మళ్లీ పెట్టె మొత్తం కొనకుండా అవి తెప్పించుకుని, వచ్చిన వెంటనే ఆ యాక్రిలిక్ చుట్టు విప్పేయండి.